నడవ గోడ

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అన్నయ్య నలుగురిలోనూ అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి మాట్లాడటం నాకు చేతకాదు. ముక్కు మీద కోపం, నాలిక చివర మాట. చిన్నప్పుడే ఇంట్లో నాకు మిరపకాయ అని పేరు పెట్టారు. అలాంటి నేను ఒక్క సంగతి మాత్రం అన్నయ్య బతికున్నన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఆయన లేడు. ఇంక ఎవరు వింటే నాకేం?

ఆ సంగతి మా వదినది.

వదిన మ్యాచింగ్ షాపులో పనిచేసేది. బట్ట తీసుకొస్తే దానికి తగ్గ లైనింగు, దారం, గుండీలు రంగుకు రంగు కలిపి ఇవ్వడం అక్కడి పని. మిగతా షాపుల్లో బట్ట చూపిస్తే తప్ప ఇవ్వరు. మా వదిన దగ్గరికి బట్ట లేకుండా కూడా వచ్చేవాళ్ళు. "అది నీలమూ కాదండీ, పచ్చా కాదు" అని చేతులు తిప్పేవాళ్ళు. "ఎండలో చూశారా, నీడలో చూశారా?" అని అడిగేది వదిన. ఆ తర్వాత నిచ్చెనెక్కి సరిగ్గా ఆ తానే లాగేది. ఉల్లిపొర రంగుకూ లేత గులాబీకీ తేడా తెలియదని నన్ను ఎన్నిసార్లు వెక్కిరించిందో. నాకైతే ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. "నలుపులోనూ రకాలున్నాయే, కాకి నలుపు వేరు, బొగ్గు నలుపు వేరు" అనేది. "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట, అలా ఉంది నీ కత" అనేదాన్ని నేను. నవ్వేది. వదిన నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడుండేది కాదు.

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఏ భవనంలో లిఫ్టు ఆగినా ఆయనకు ఫోను వచ్చేది. మేమున్న బిల్డింగుకు మాత్రం లిఫ్టు లేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, జీవితమంతా లోకాన్ని పైకీ కిందికీ మోసిన మనిషి తన ఇంటికి మాత్రం మెట్లెక్కేవాడు. వాళ్ళది పై అంతస్తు. నాది సరిగ్గా దాని కింద. మా ఆయన పోయాక ఆ ఫ్లాటులో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

పాత బిల్డింగు. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తలుపు తీయగానే పొడుగాటి నడవ, కిటికీ లేకుండా. కుడివైపు ముందుగది, తర్వాత పడగ్గది. ఎడమవైపు ఒకటే గోడ, ఆ చివరిదాకా. ఆ గోడ వెనకే వంటిల్లు, గోడ ఆగిన చోట దాని గుమ్మం. పగలు కూడా నడవలో లైటు వేయాల్సిందే. వాళ్ళ వంటింటి కింద మా వంటిల్లు, వాళ్ళ స్నానాలగది కింద మా స్నానాలగది. ఆ స్నానాలగది కారినప్పుడల్లా మా అన్నాచెల్లెళ్ళకు తగువు. ఆ తగువులో వదిన ఎప్పుడూ నా పక్షమే.

వదిన వాళ్ళమ్మ చివరి రోజుల్లో వాళ్ళ దగ్గరే ఉంది. ఆవిడకు కళ్ళు పోయాయి. చూపు పోయిన నాటి నుంచి ఆవిడను పడగ్గది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరూ ఆవిడను చిన్నచూపు చూడలేదు. అసలు కష్టమే అది. ఆవిడ లేవబోతే వదిన "కూర్చో అమ్మా" అనేది. చిక్కుడుకాయలిస్తే ఈనెలు తీస్తానంటే "నీకెందుకమ్మా, కూర్చో" అనేది. అన్నయ్యయితే మరీనూ, "అత్తయ్యా, మీరు లేవకండి, నేనున్నాగా" అంటూ మంచినీళ్ళ గ్లాసు దగ్గర నుంచి చేతికి అందించేవాడు. నేనూ అన్నాను, కాదనను. ఆవిడ కూర్చుంది. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టుకుపోయాయి, తర్వాత మాట తగ్గింది, తర్వాత ఆకలి తగ్గింది. పోయాక చాన్నాళ్ళకు వదిన నాతో ఒకసారి అంది, "మా అమ్మ కళ్ళు పోయి చనిపోలేదే. మేమంతా కలిసి కూర్చోబెట్టి చంపాం."

ఆ వదినకు తన చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని తెలిసినప్పుడు ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి. మాకెవరికీ తెలియదు. ఆవిడకు తెలుసు. చెబితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. కుర్చీ ఒకటి వస్తుంది. కళ్ళు పోవడం కన్నా ఆ కుర్చీ అంటేనే ఆవిడకు భయం.

షాపులో ఒకామెకు బూడిదరంగుకు బదులు లేత ఆకుపచ్చ దారం ఇచ్చిందట. ఆమె తిరిగొచ్చి దెబ్బలాడితే, వదిన పొరపాటు పడటమేమిటని షాపు యజమాని నమ్మలేదు, ఆమెదే తప్పన్నాడు. వదిన మాత్రం ఆ వారంలోనే పని మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. మేమూ మోకాళ్ళ నొప్పులనే అనుకున్నాం.

ఇంట్లో ఏ వస్తువూ చోటు మారడానికి వీల్లేకుండా పోయింది. స్టూలు జానెడు జరిగితే చాలు అన్నయ్య మీద విరుచుకుపడేది. ఉప్పు డబ్బా పప్పు డబ్బా పక్కనే ఉండాలి, చెప్పులు గోడకు ఆనుకునే ఉండాలి. వయసు మీదపడి శుభ్రం పిచ్చి పట్టిందనుకున్నాను. ఆ మాట ఆవిడ మొహమ్మీదే అన్నాను. "అవునే, పిచ్చే" అంది.

ఎంత సర్దుకున్నా గ్లాసు ఒకటి తన్నేది, చక్కెర ఒకసారి కిందపోసేది. అన్నయ్య "ఏమైందోయ్?" అంటే, "ఇల్లు చీకటిగా ఉంది కదండీ, కనబడలేదు" అనేది. ఆ ఒక్క మాట ఆవిడకు దొరికింది. గుమ్మం తగిలినా చీకటే, పాలు పొంగిపోయినా చీకటే. పాపం, ఇల్లు అన్నిటికీ మాట పడింది.

మా అన్నయ్య ఏం చేయాలి? ఆయన ఏ మాటనైనా ఎలా విన్నదలా పట్టుకునే రకం. పైగా బతుకంతా లిఫ్టు గుంతల్లో టార్చి లైటు పట్టుకుని గడిపినవాడు. చీకటంటే ఏమిటో ఆయనకు తెలుసు. రిటైరైన వారానికే నా దగ్గర కూర్చుని, "నేనంటే గుంతలో బతికాను. అది కూడా ఆ గుంతలాంటి కొంపలోనే బతకాలా? దానికి వెలుతురున్న ఇల్లు చేసిపెడతానే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు, పెళ్ళికొడుకు ముఖం.

మేస్త్రీని తీసుకొచ్చాడు. ఏది చూపించినా "ఓపెన్ చేసేద్దాం సార్" అనేవాడు అతను. వంటిల్లు ఓపెన్, ముందుగది ఓపెన్, బాల్కనీ తలుపు తీసేసి అద్దాలు పెడితే అది ఇంకా ఓపెన్. నేను ఓపెన్ మేస్త్రి అని పేరు పెట్టాను. అతను నడవలో ఎడమవైపు గోడను గుప్పిటతో టకటక కొట్టి చూశాడు.

"దీని మీద బరువేం లేదు సార్. ఊరికే నిలబడుంది. ఇది తీసేస్తే వంటిల్లూ హాలూ నడవా అంతా ఒకటే. ఇక్కడ నిలబడితే ఆకాశం కనబడుద్ది."

"ఆ గోడ ఉండనివ్వండి" అంది వదిన.

"ఎందుకు?" అన్నాడు అన్నయ్య.

వదిన గోడవైపు తిరిగింది. "మా అమ్మ ఫోటో ఉంది కదా దానికి."

"ఫోటోదేముంది, ఇంకోచోట పెడదాం. ఆవిడకూ కాస్త గాలాడుతుంది."

మేస్త్రి నవ్వాడు. నేనూ నవ్వాను. వదిన భుజాలు కదిలాయి, అంటే ఆవిడా నవ్విందనే అనుకున్నాం.

పని జరిగినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ నా ఇంట్లో ఉన్నారు. నాకు పండగలా ఉండేది. వదిన నా ఇంట్లో హాయిగా తిరిగింది. వంటింట్లోకి, పడగ్గదిలోకి, నడవలోకి, ఎక్కడా తడుముకోలేదు. నా కన్నా చురుగ్గా ఉండేది. ఎందుకు తడుముకుంటుంది? ఒకే అచ్చు కదా. ఆవిడ చేతికి గోడ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అన్నయ్యకూ నాకూ అనుమానం రాకపోవడానికి నా ఇల్లే కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

పైన సమ్మెటలు పడుతుంటే నా ఇంటి కప్పు నుంచి సున్నం రాలేది. ఒకరోజు మధ్యాహ్నం నడవలోకి వస్తే వదిన అరచేయి గోడకు ఆనించి నిలబడుంది. పైన ఒక దెబ్బ పడినప్పుడల్లా ఆవిడ వేళ్ళు ఉలిక్కిపడుతున్నాయి.

"ఏంటి వదినా, గోడను పట్టుకుని నిలబడ్డావ్? పడిపోతుందనా?" అన్నాను.

"ఇదే కొడుతున్నారే పైన."

"కొట్టనీ. పీడ విరగడవుతుంది."

సరే అన్నట్టు తలూపింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. దుమ్ముకు గొంతు పట్టిందంది.

తర్వాత అన్నయ్య రంగుల కార్డు తెచ్చాడు. గోడలకు ఏ రంగో వదినే చెప్పాలని పట్టుబట్టాడు. అంతవరకు బాగానే ఉంది. రంగు అడిగితే మా వదినకు పూట పట్టాలి, వాదించాలి, కార్డు పట్టుకుని ఎండలోకి పరిగెత్తాలి. ఆవిడ ఆ కార్డు చేతిలోకి తీసుకోలేదు. "మీకు నచ్చిందే వేయించండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆయన నీకోసం ఇంత చేస్తుంటే రంగు చెప్పడానికి కూడా బెట్టా?" అన్నాను. అన్నయ్య నన్ను కసిరాడు. ఆ తర్వాత ఆయనే ఎంచాడు. లిఫ్టు మెకానిక్కు ఏం ఎంచుతాడు, తెలుపు. గోడలు తెలుపు, గట్లు తెలుపు, కింద బండలు కూడా తెలుపే. ఎంత తెల్లగా ఉంటే అంత వెలుతురని ఆయన లెక్క.

పని పూర్తయిన రోజున అందరం పైకి వెళ్ళాం. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఇల్లు అద్భుతంగా ఉంది. తలుపు తీయగానే అవతలి వీధి కనబడింది. ఎండ నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. నడవ లేదు, వంటింటికి గోడ లేదు. మధ్యలో నడుమెత్తున ఒక తెల్ల గట్టు, దాని చుట్టూ ఎత్తు కుర్చీలు. ఓపెన్ మేస్త్రి చేతులు కట్టుకుని మెప్పు కోసం చూస్తున్నాడు. అన్నయ్య గుమ్మంలో ఆగి వదినకు దారిచ్చాడు.

"నువ్వు ముందు నడు."

వదిన చేయి అలవాటుగా ఎడమపక్కకు వెళ్ళింది. అక్కడేమీ లేదు. రెండడుగులు వేసి ఆగిపోయింది. చేయి అలాగే గాలిలో ఉంది. నేను అప్పటికే అద్దాల దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి చేయి ఊపుతున్నాను, ఇటు రమ్మని. ఆవిడ నా వైపే చూస్తోంది, ఉలకదు, పలకదు.

"ఏం వదినా, కొత్తిల్లు రాగానే కళ్ళు నెత్తికెక్కాయా? మనుషులు ఆనడం లేదు" అన్నాను.

"నెత్తి మీదైనా ఉంటే చాలే" అంది వదిన.

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, దానికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

దాచడం ఎన్నాళ్ళో సాగలేదు. పాత ఇంట్లో గోడకూ గుమ్మానికీ రంగు తేడా ఉండేది, కనీసం అదొక గీతలా కనబడేదట. ఇక్కడ అంతా తెలుపు. పాలగిన్నెలో పడ్డట్టుందని తర్వాత నాతో చెప్పింది. ఒక ఉదయం అన్నయ్య పేపరు చదువుతుంటే, వదిన నిండు ఎండలో, కళ్ళు తెరిచి, రెండు చేతులూ ముందుకు చాచి, ఆయన ముందు నుంచి అద్దాల తలుపు దాకా వెళ్ళి, దానికి నుదురు కొట్టుకుంది. అన్నయ్య పేపరు పడేసి పరిగెత్తాడు. "చీకటిగా ఉందండీ" అంది వదిన. నోరు జారింది. అంత ఎండలో.

కళ్ళ డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. కంటి నరాలు ఎండిపోయాయన్నాడు, వాళ్ళమ్మకు ఉన్నదే ఈవిడకూ వచ్చిందన్నాడు, ఇక మందుల్లేవన్నాడు. "ముందే వచ్చి ఉంటే ఉన్న చూపును కొన్నాళ్ళయినా నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. నాకు వదినను పట్టుకుని కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీదే అడిగేశాను, "నోరు లేదా నీకు? ఒక్క మాట చెప్పలేవా?" అని.

"అమ్మకు ఎన్ని మందులు వేశామే, ఏమైనా ఆగిందా?" అంది.

డాక్టరు మాటల్లో అన్నయ్య చెవికెక్కింది ఒక్కటే, ‘ముందే’. ఇంటికొచ్చి ఆ తెల్ల గట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడి, "ముందే గోడలు కొట్టించాల్సింది. ఆ చీకటి కొంపలో పెట్టి దాని కళ్ళు నేనే తీశాను" అన్నాడు. అలా కాదన్నయ్యా, అది వాళ్ళమ్మ నుంచి వచ్చిందని డాక్టరు చెప్పాడుగా అంటే, గోడకు చెప్పినట్టే. రిటైరయ్యేదాకా ఆగానని, ఆగకుండా ఉండాల్సిందని, అదొక్కటే పట్టుకున్నాడు. ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

ఆ సాయంత్రమే అద్దాల దగ్గర, ఎండ బాగా పడే చోట, మెత్తటి కుర్చీ ఒకటి వేశాడు.

"కూర్చో" అన్నాడు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో నేను విన్నాను. వదిన కుర్చీ చేతిని తడిమి, కాసేపు నిలబడి, కూర్చుంది.

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకు నాకూ దురద పుట్టింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, పైన అంత వెలుగు చూసి కిందికొస్తే నా ఇల్లు నాకే గుహలా కనబడింది. ఓపెన్ మేస్త్రీని పిలిచాను. అతను వచ్చి నా నడవ గోడ మీద గుప్పిటతో కొట్టి, "ఇదీ ఊరికే నిలబడుందమ్మా" అన్నాడు. సరే, వచ్చే వారం మొదలుపెట్టమన్నాను.

ఆ మర్నాడు అన్నయ్య కూరగాయలకు వెళ్ళినప్పుడు నా తలుపు చప్పుడైంది. తీస్తే వదిన. మెట్లు ఒక్కతే దిగి వచ్చింది. చెప్పులు కూడా లేవు, రెయిలింగు దుమ్మంతా అరచేతికి ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ లోపలికొచ్చి, ఎడమచేయి గోడకు ఆనించి, ఆగకుండా వంటింటి దాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. నా ముందు ఆగింది.

"ఈ గోడ తీయించకే."

"బాగుందమ్మా. మీకు అద్దాల మేడ, నాకు మాత్రం చీకటి కొట్టా?"

"మిరపకాయ్, నేను ఎన్నడైనా నిన్ను ఏమైనా అడిగానా?"

అడగలేదు. ఎన్నడూ అడగలేదు. ఆవిడ అక్కడే, నడవలో, గోడకు వీపు ఆనించి అంతా చెప్పింది. కళ్ళు మసకబారినా ఇంట్లో పని ఆగకపోవడం తన గొప్పేనని అనుకుందట, గోడ గొప్పని తెలియలేదట. "గోడ పోయాకే తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకునే నడిచానని. ఇప్పుడు ఎటు వెళ్ళినా చేతికి ఏమీ తగలదు. మైదానంలో వదిలేసినట్టుంది. వంటింటికి పోదామని లేస్తానా, ఎటు తిరిగానో నాకే తెలియదు. ఆయన వచ్చి చేయి పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చోబెడతారు. నా అంతట నేను మంచినీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో."

"ఉండు, అన్నయ్య రానీ, ఇప్పుడే చెబుతాను. గోడే కదా, మళ్ళీ కట్టిస్తాడు. ఇటుకలకేం కరువా?"

"కట్టిస్తాడు. రేపే కట్టిస్తాడు. అందుకే చెప్పకు."

"నీకేమైనా మతిపోయిందా?"

"ముందే చేయలేదని కుమిలిపోతున్నాడే ఆ మనిషి. అసలు చేసిందే తప్పని తెలిస్తే తట్టుకుంటాడా? వెలుతురు కోసం కొట్టించాడు. నేను చీకటన్నానని కొట్టించాడు. అబద్ధం ఆడింది నేను. దాన్ని నేనే మోస్తాను."

"కుర్చీలోనా?" అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. నాలిక చివర ఉంటుంది కదా.

"కుర్చీలోనే" అంది వదిన.

ఆవిడను పైకి తీసుకెళ్ళి దిగబెట్టాను. మేస్త్రీకి ఫోను చేసి పని వద్దన్నాను. అన్నయ్య వచ్చి, "అదేంటే, వద్దన్నావట? నీకూ వెలుతురొస్తుంది కదా" అంటే, "నా కళ్ళు బాగానే ఉన్నాయి, నాకెందుకు" అని కసిరాను. ఆయన ముఖం మాడిపోయింది. ఆ మాట పడేయడం తప్ప నాకు ఇంకో దారి తోచలేదు, మాట మార్చడం నాకు రాదు కదా.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. అన్నయ్య వదినను కంటికి రెప్పలా చూసుకున్నాడు, ఇందులో అతిశయం లేదు. జుట్టు దువ్వేవాడు. అన్నం కలిపి చేతికిచ్చేవాడు. మెట్లెందుకు, పడతావు, కూర్చో అనేవాడు. నా ఇంటికి రావాలన్నా ఆవిడ రాలేకపోయింది. నేనే పైకి వెళ్ళేదాన్ని. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళంతా ఎంత వెలుతురో అనేవాళ్ళు. అన్నయ్య వదిన వైపు చూసేవాడు. వదిన ముఖం ఎండవైపు తిప్పి, "అవునండీ, వెచ్చగా ఉంటుంది" అనేది. ఆ మాటకు ఆయన పొంగిపోయేవాడు.

సంతోషం అసలే లేదని చెప్పను. పొద్దున్నే ఆయన అద్దాల దగ్గర నిలబడి ఆకాశం ఎలా ఉందో చెప్పేవాడు.

"నీలంగా ఉంది."

"ఏ నీలం?"

"నీలమే."

"నీలమే అంటే ఇవ్వను పొండి, బట్ట తెచ్చి చూపించండి" అనేది వదిన, షాపులో కూర్చున్నట్టే. అలా విసిగించి విసిగించి ఆయనకు రంగులు నేర్పింది. చివరికి నాతో కూడా, "ఇవాళ మబ్బు ఉల్లిపొర రంగులో ఉందే" అనే స్థితికొచ్చాడు. నేనే అడిగాను ఒకసారి వదినను, నీకిప్పుడు ఏం కనబడుతుంది, నలుపేనా అని. "నలుపైతే ఏ రకమో చెప్పేదాన్ని కదే. ఏ రంగూ కాదు" అంది.

ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ కాళ్ళు సన్నబడుతుంటే, వాళ్ళమ్మలాగే మాటలు తగ్గుతుంటే, ఇంక నావల్ల కాదని లేచేదాన్ని. నా గొంతు సవరించుకోవడం వినగానే వదిన తల నావైపు తిరిగేది. అంతే, మళ్ళీ కూర్చునేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదన్న అన్నయ్యకు ఎదురుగా కూర్చుని, ఆయన కోసమే దాన్ని నానబెట్టాను.

అన్నయ్య నిరుడు పోయాడు. కూరగాయల సంచితో మెట్లెక్కుతూ నా గుమ్మం ముందు కూలబడ్డాడు. గుండె. లిఫ్టు ఉంటే బతికేవాడని వీధిలో ఎవరో అన్నారు. వాళ్ళను తిట్టే ఓపిక కూడా నాకు లేకపోయింది. కొంతసేపు స్పృహలోనే ఉన్నాడు. "అది ఎండలో కూర్చునుంది, ఎండ దాటితే కుర్చీ జరపాలి" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అందరూ వెళ్ళిపోయాక వదినను నా ఇంటికి తెచ్చుకున్నాను. పైన తాళం వేశాం. ఆ రాత్రి ఆవిడ ఏడవలేదు. నా మంచం పక్కన పడుకుంది.

తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి పక్కన వదిన లేదు. నడవలో ఏదో మెల్లగా రాసుకుంటున్న చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. లైటు వేయలేదు, ఆవిడకెందుకు. వంటింటి వైపు నుంచి వచ్చే మసక వెలుతురులో, ఎడమ అరచేయి గోడ మీద పెట్టి నడుస్తోంది. కాళ్ళు సన్నబడి వణుకుతున్నాయి, అయినా నడుస్తోంది. గోడ అయిపోయిన చోట సరిగ్గా వంటింట్లోకి తిరిగింది. గిన్నె చప్పుడు, పంపు చప్పుడు, స్టవ్వు టక్కుమన్న చప్పుడు.

పరిగెత్తాను. "వదినా, మంట దగ్గర ఏంటది, కూర్చో, నేను పెడతాను."

అనేశాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

వదిన వెనక్కి తిరగలేదు. టీపొడి డబ్బా కోసం చేయి చాచింది. నా వంటింట్లో అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది, పైన వాళ్ళింట్లో ఒకప్పుడు ఉన్న చోటే.

"నువ్వు కూర్చోవే" అంది. "ఆయన ఉన్నన్నాళ్ళూ కూర్చున్నాను కదా."

నేను నడవలో, నేల మీదే కూర్చున్నాను. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాను. పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు విని వదిన మంట తగ్గించింది. కాసేపటికి ఒక చేతిలో కప్పు, ఒక చేయి గోడకు, చుక్క తొణక్కుండా నా దగ్గరికి నడిచొచ్చింది. అన్నయ్య ఇది చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆ వెంటనే, చూడకుండా పోయాడు, అదే నయమనీ అనిపించింది.

టీలో చక్కెర మరీ ఎక్కువైంది. ఆ మాట ఆవిడతో అనలేదు.